జాలి వద్దు, జవాబు కావాలి

ఏటా సెప్టెంబరు 28 దగ్గరపడుతుంటే నాకు కొంచెం టెన్షన్‌గా ఉంటుంది. ఆ రోజు జాషువా జయంతి. ఏదో ఒక కాలేజీలోనో గ్రంథాలయంలోనో సభ పెడతారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి నన్నూ పిలుస్తారు. ఫొటోకి దండ వేస్తారు. వక్తలు ఒకరి వెనక ఒకరు లేచి విశ్వనరుడంటారు, కరుణరస కవి అంటారు, కులమతాలకు అతీతుడంటారు. ఎవరో గొంతు సవరించుకుని గబ్బిలం పద్యం ఎత్తుకుంటారు. రాగం బాగుంటుంది, చప్పట్లు పడతాయి. టీ తాగి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోతారు. ఆ కవి ఎవరి మీద ఫిర్యాదు చేశాడు, ఆ ఫిర్యాదు తీరిందా అని అడిగినవాళ్ళు నాకు ఇంతవరకూ తగల్లేదు.

దళిత కవిత్వాన్ని దుఃఖంగా చదవడం మనకు బాగా అలవాటైపోయింది. చదివి 'అయ్యో పాపం' అనుకుంటే మన వంతు తీరిపోయినట్టే. ఆ కవిత్వం మటుకు అయ్యో అనిపించుకోవడానికి రాలేదు. అది వాదిస్తుంది, సాక్ష్యం చెబుతుంది, లెక్క అడుగుతుంది. వాదించేవాడి మీద జాలిపడటం అంటే వాడి మాట వినకుండా తప్పించుకోవడమే. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. అయితే దీన్ని రుజువు చెయ్యాలంటే కొంచెం దూరం నడవాలి.

ముందు నా సంగతి. నేను పల్లెలో పుట్టాను. కోస్తా జిల్లాల్లో పల్లె అంటే దళితవాడ; ఊరు వేరు, పల్లె వేరు. మా నాన్న కూలిపనికి వెళ్ళేవాడు. సంతకం దాటి చదువు లేదు గానీ హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యాలు మొత్తం నోటికొచ్చు. రాత్రంతా నాటకాలు చూసి పట్టుకున్నవే. నాట్లప్పుడు గట్టు మీద నిలబడి పాడితే ఆసామి కూడా ఆగి వినేవాడు. అందులో కొన్ని పద్యాలు జాషువావని నాన్నకు తెలుసు, ఆసామికి తెలియదు. చెప్పొచ్చు కదా అని అడిగితే నాన్న నవ్వి ఊరుకునేవాడు.

ఆ కాటిసీను గురించి ఆలోచించినకొద్దీ నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. హరిశ్చంద్రుడు మహారాజు. మాట నిలబెట్టుకోవడం కోసం వీరబాహుడనే కాటికాపరికి అమ్ముడుపోయి శ్మశానంలో కాపలా ఉంటాడు. ప్రేక్షకులు అక్కడే ఏడుస్తారు. ఎందుకేడుస్తారు? అంతటి రాజు చండాలుడి కింద పని చేయాల్సి వచ్చిందని. వీరబాహుడు పుట్టిన దగ్గర్నుంచీ చేస్తున్న పని అదే, అతని తండ్రీ తాతా చేసిన పనీ అదే. వాళ్ళ కోసం ఆ నాటకంలో ఎవరూ ఒక్క పద్యం ఎత్తుకోరు. అంటే ఆ కన్నీళ్ళకు ఆధారం కులమే. కులం లేకపోతే ఆ సీనులో విషాదం సగానికి సగం పడిపోతుంది.

సరిగ్గా ఆ సీనులోకే మన నటులు జాషువా 'శ్మశానవాటి' పద్యాలు తెచ్చి పెట్టుకున్నారు. అవి నాటకకర్త రాసినవి కావు, పద్యాల బలం చూసి రంగస్థలం లాక్కున్నవి. 'ఎన్నో యేండ్లు గతించిపోయినవి' అని మొదలుపెడితే జనం ఒన్స్ మోర్ అని అరవకుండా ఊరుకోరు. అదే వరసలో ఇంకో పద్యం ఉంది: 'ఇట నస్పృశ్యత సంచరించుటకు తావేలేదు' అని. అంటరానితనం అడుగుపెట్టడానికి ఇక్కడ చోటు లేదట, పులినీ మేకనీ పక్కపక్కన పడుకోబెట్టి జోకొట్టే చోటట ఇది. ఒక అంటరాని కవి రాసిన మాట. అంటరానివాడికి బానిసైనందుకు ఏడుస్తున్న రాజు నోట పలుకుతోంది. ఊళ్ళోవాళ్ళు ముందు వరసలో, పల్లెవాళ్ళు వెనక నేల మీద కూర్చుని అదే పద్యానికి చప్పట్లు కొడుతున్నారు. ఇంతకంటే పెద్ద వ్యంగ్యం తెలుగు రంగస్థలం మీద ఇంకోటి ఉందని నేననుకోను.

పోనీ ఆ పద్యంలో ఉన్నమాట నిజమా? మన పల్లెటూళ్ళలో శ్మశానాలు కూడా వేరే. చాలాచోట్ల దళితులకు శ్మశానమే లేదు, వాగు గట్టునో చెరువు పోరంబోకులోనో పూడ్చుకోవాలి, అక్కడిదాకా శవాన్ని మోసుకెళ్ళే దారి కోసం కూడా గొడవలు పడాలి. వినుకొండలో పుట్టి పెరిగిన జాషువాకు ఇది తెలియకపోదు. తెలిసీ అలా రాశాడంటే ఆ పద్యాన్ని వేదాంతంగా చదవడం తప్పని నా అభిప్రాయం. చావు పాటించని కులాన్ని మీరెందుకు పాటిస్తున్నారన్న నిలదీత అందులో ఉంది. మనం మాత్రం దాన్ని 'అందరం పోయేవాళ్ళమే కదా' అన్న వైరాగ్యం కింద మార్చుకుని హాయిగా తలలూపాం.

గబ్బిలం విషయంలోనూ జరిగింది ఇదే. 1941లో వచ్చిన కావ్యం. కాళిదాసు యక్షుడు భార్యకు మేఘంతో కబురు పంపితే, ఇక్కడ తంజావూరు ప్రాంతపు అరుంధతీసుతుడు, అంటే మాదిగవాడు, కాశీలో ఉన్న శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. గబ్బిలాన్నే ఎందుకు ఎంచుకున్నాడు? చూస్తేనే అశుభం అనుకునే ఆ జీవి గర్భగుడిలో తలకిందులుగా వేలాడుతుంటుంది. దాన్ని ఎవరూ ఆపరు. మనిషి మాత్రం గడప తొక్కడానికి లేదు. దేవుడి చెవిలో మాట వెయ్యాలంటే లోపలికి పోగలిగినవాళ్ళే పోవాలి కదా! యక్షుడిది విరహం, వీడిది ఆకలి. ప్రపంచానికి భోజనం పెట్టేవాడికి భుక్తి లేదని వీడి ఫిర్యాదు. కావ్య రూపం మొత్తం పెద్దవాళ్ళ దగ్గర తీసుకుని, వాళ్ళ కొలతలతోనే కొలిచి, వాళ్ళెప్పుడూ తలెత్తి చూడని మనిషిని నాయకుడిగా కూర్చోబెట్టాడు. చతుర్ముఖ బ్రహ్మకు నలుగురు కొడుకులని విన్నాం, మరి ఈ ఐదో కులంవాడు ఎవరికి పుట్టాడమ్మా అని గబ్బిలాన్ని అడిగిస్తాడు. ధర్మశాస్త్రాన్ని దాని లెక్కతోనే తప్పుపట్టడం అది. దీన్ని కరుణరసం అనే డబ్బాలో వేసి మూత పెట్టడానికి చాలా ధైర్యం కావాలి.

చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి అంతటివాడు జాషువా కాలికి గండపెండేరం తొడిగిన సంగతి అందరూ గొప్పగా చెబుతారు. గొప్పే. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, 1970లో పద్మభూషణ్ వచ్చింది. అవార్డులు చూపించి ఆయన్ను మన సమాజం నెత్తిన పెట్టుకుందని వాదించేవాళ్ళున్నారు. కవిని నెత్తిన పెట్టుకోవడం ఒకటీ, కవి పుట్టిన వాడకు మంచినీళ్ళ కుళాయి వెయ్యడం ఒకటీ.

సాహిత్య చరిత్రలో ఈ కథను మామూలుగా ఒక వరసలో చెబుతారు. మొదట దళిత కవులు వేడుకున్నారు, 1985 తర్వాత కోపం తెచ్చుకున్నారు అని. వినడానికి బాగానే ఉంటుంది గానీ నిజం కాదు. గబ్బిలం రావడానికి ఇరవయ్యేళ్ళ ముందే రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ఉన్నాడు. గరిమెళ్ళ సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనము' దేశమంతా మారుమోగుతున్న రోజుల్లోనే ఆయన 'మాకొద్దీ నల్లదొరతనము' అని రాశాడు. అదే నడక, అదే ఎత్తుగడ. తెల్లవాడు మిమ్మల్ని చూసినట్టే మీరు మమ్మల్ని చూస్తున్నారు, మరి మా స్వరాజ్యం ఎవరితో యుద్ధం చేసి తెచ్చుకోవాలి అని అడిగాడు. ఇందులో వేడుకోలు ఎక్కడుంది? జాతీయోద్యమం వేడిగా ఉన్న రోజుల్లో దాని మొహం మీదే వేసిన ప్రశ్న ఇది. గరిమెళ్ళ పాట ప్రతి పాఠకుడికీ తెలుసు, ధర్మన్న పాట సాహిత్య విద్యార్థులకు కూడా సగం మందికి తెలియదు. ఏ పాట నిలవాలో, ఏది మరుగున పడాలో కూడా కులమే తేల్చిందనడానికి ఇంతకంటే రుజువు నేను చూపలేను.

మంచి మనసుతో రాసిన పెద్దకులాల కవులూ ఉన్నారు, కాదనను. మంచి అన్నది మాల అయితే నేను మాలనే అవుతానని గురజాడ అన్నాడు. ఆ కాలానికి అది చాలా పెద్ద మాట. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 నాటికే 'మాలపల్లి' రాశాడు. అయినా 'అవుతాను' అనగలిగినవాడికి మళ్ళీ అవకుండా వెనక్కి వచ్చే వీలూ ఉంటుంది. ఎండ్లూరి సుధాకర్ 'నేనింకా నిషిద్ధ మానవుణ్ణే, నాది బహిష్కృత శ్వాస' అన్నప్పుడు ఆయన ముందు ఆ రెండో దారి లేదు. మొలకు తాటాకు, నోటికి ఉమ్మిముంత కట్టి నడిపించిన చరిత్రను ఆ కవిత తన ఒంటి మీదకే తెచ్చుకుని మాట్లాడుతుంది. సానుభూతికీ అనుభవానికీ నడుమ ఎంత మంచివాడూ దాటలేని ఎడం ఇక్కడుంది.

1985 దగ్గరికి వస్తాను. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు. మాదిగపల్లె వాళ్ళు తాగే నీళ్ళ చెరువు దగ్గర ఆసామి కుర్రాళ్ళు గేదెలకు కుడితి పెట్టి, ఆ మురికి చెరువులోకి పోనిచ్చారు. ఇదేమిటని ఒక కుర్రాడు అడిగాడు. అతన్ని కొట్టబోతే నీళ్ళకొచ్చిన ఒక మాదిగ స్త్రీ తన బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, ఊరు పల్లె మీద పడింది. ఆరుగుర్ని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు జరిగాయి. మిగిలినవాళ్ళు చీరాల వెళ్ళి శిబిరం పెట్టుకున్నారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళు ముందుండగా దళిత మహాసభ ఆ శిబిరంలోంచే వచ్చిందని చెప్పొచ్చు.

అప్పుడు ముందుగా వచ్చింది పాట. గద్దర్ 'దళిత పులులమ్మా' పాట పల్లెపల్లెకూ పోయింది. అందులో నాకు ముఖ్యమనిపించేది ఒక్కటే. చనిపోయినవాళ్ళను తలుచుకోవాల్సిన పాట కలబడి నిలబడ్డవాళ్ళను తలుచుకుంది. అప్పటిదాకా దళితుల గురించి మాట్లాడితే గుడిసె కాలిందనో మనిషి చచ్చాడనో మాట్లాడేవారు. ఈ పాటలో బిందె ఎత్తిన చెయ్యి కనపడింది. మా పల్లెలో దీన్ని నేర్చుకోని పిల్లలు లేరు. పాఠ్యపుస్తకంలో పద్యం మాస్టారు బెత్తం పట్టుకుంటే తప్ప వచ్చేది కాదు, ఇది మాత్రం ఒక్క రాత్రికే వచ్చేసింది.

1991 ఆగస్టు 6న చుండూరు. సినిమాహాల్లో ఒకడి కాలు ఇంకొకడికి తగిలిందన్న గొడవ పెరిగి పెరిగి ఎనిమిది మంది దళితుల ప్రాణాలు తీసింది. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ తర్వాతి నాలుగైదేళ్ళలో తెలుగు కవిత్వంలో వచ్చినంత వేడి మళ్ళీ చూడలేదు. సుధాకర్ 'వర్తమానం', సతీష్ చందర్ 'పంచమవేదం', మద్దూరి నగేష్ బాబు 'వెలివాడ', పైడి తెరేష్ బాబు 'అల్పపీడనం' ఆ దశాబ్దంలోవే. 1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ కలిసి తెచ్చిన 'చిక్కనవుతున్న పాట' ఈ గొంతులన్నిటినీ ఒకచోట చేర్చింది. మరాఠీలో 1972లోనే దళిత పాంథర్లు అనే ఉద్యమం, నామ్‌దేవ్ ఢసాళ్ కవితల పుస్తకం 'గోల్‌పీఠా' బొంబాయిని కుదిపేశాయి. మనవాళ్ళు అక్కణ్ణుంచి ధైర్యం తెచ్చుకున్నమాట నిజమే. నిప్పు మాత్రం ఇక్కడి చెరువు గట్టు మీదే రాజుకుంది.

అప్పుడు సాహిత్య సభల్లో వినిపించిన మాట ఒకటుంది, ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది: 'ఆవేశం ఉంది గానీ కవిత్వం లేదండీ. అన్నీ తిట్లు.' ఇది చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, చాలామంది నాకు తెలిసినవాళ్ళే. వాళ్ళకు నా సమాధానం కొంచెం పొడుగు.

తిట్లున్నాయి, ఎందుకుండవు? పల్లెలో పుట్టినవాడి పేరు చివర 'గాడు' లేకుండా పిలిచిన ఊరు చూపించండి. కులం పేరునే తిట్టుగా వాడిన భాష మనది. ఆ తిట్టును అందుకుని తిరిగి విసిరితే అది అసభ్యమైపోయిందా? ప్రబంధాల్లో పచ్చి శృంగారం కవిత్వం అయినప్పుడు, చాటుపద్యాల్లో పిసినారి ప్రభువులను బండబూతులు తిట్టడం చమత్కారం అయినప్పుడు, ఇక్కడికి వచ్చేసరికే మడి గుర్తుకు రావడంలో మతలబు ఏమిటో వాళ్ళే ఆలోచించుకోవాలి.

రెండోది, తిట్లే ఉన్నాయనడం చదవనివాళ్ళ మాట. శివసాగర్‌ను తీసుకోండి. అసలు పేరు కె.జి. సత్యమూర్తి, పీపుల్స్ వార్ స్థాపకుల్లో ఒకడు, పార్టీ లోపల కులం సంగతి ఎత్తి బయటికి రావాల్సి వచ్చినవాడు. ఆయన 'నడుస్తున్న చరిత్ర' చాలా చిన్న కవిత. శంబూకుడు చిరునవ్వుతో రాముణ్ణి వధిస్తుంటాడు, ఏకలవ్యుడు ద్రోణుడి బొటనవేలు నరుకుతుంటాడు, బలి వామనుణ్ణి పాతాళానికి తొక్కుతుంటాడు. ఒక్క తిట్టు లేదు, ఒక్క విశేషణం ఎక్కువ పడలేదు. పురాణం తెలిసినవాడికి తప్ప ఆ దెబ్బ తగలదు కూడా. పొదుపూ ధ్వనీ ఇంతకంటే ఎలా ఉంటాయో అలంకారశాస్త్రం చదివినవాళ్ళు చెప్పాలి. కలేకూరి ప్రసాద్ 'పిడికెడు ఆత్మగౌరవం కోసం' మొదలుపెట్టే తీరు చూడండి. తానెప్పుడు పుట్టాడో తెలియదు గానీ వేల ఏళ్ళ కిందట ఈ గడ్డ మీదే చంపబడ్డానంటాడు. పుట్టుక కంటే ముందు చావు చెప్పుకోవాల్సిన జీవితం అది. ఆ ఒక్క వాక్యంలో చరిత్ర పుస్తకాలు దాచినదంతా ఉంది. ఇక్కడ అడుగుతున్నదీ పిడికెడే, అదీ అన్నం కాదు.

మూడోది, అందం ఎక్కడుందో చూపించే హక్కు ఎవరిది అన్నది. జూపాక సుభద్రకు కొంగు మీద ఒక కవిత ఉంది. తెలుగు కవిత్వంలో కొంగు అంటే ఏం చేస్తుంది? జారుతుంది, గాలికెగురుతుంది, సిగ్గుతో మొహం కప్పుకుంటుంది. సుభద్ర కవితలో కొంగు రొమ్ము మీద కాపలా ఉండే గుడ్డ కాదు. పనిలో, ఆకలిలో, ఎండలో ఆడమనిషికి తోడుండే పనిముట్టు. మా అమ్మ కొంగు నాకు అలాగే తెలుసు. తలపాగా అయ్యేది, ముల్లె అయ్యేది, పిల్లాడి ముక్కు తుడిచేది, గంప కింద చుట్ట అయ్యేది. నేను చదువుకున్న కావ్యాల్లో ఏ నాయిక కొంగూ ఆ పనులు చెయ్యలేదు. ఈ కవిత చదివిన తర్వాత ఆ కావ్యాల్లో తక్కువైందేమిటో తెలిసింది. ఇది ఆవేశం కాదు, పరిశీలన. ఎన్నో ఏళ్ళుగా కళ్ళముందే ఉన్నదాన్ని మొదటిసారి చూపించడమే కవి చేసే పనైతే సుభద్ర చేసింది అదే.

దళిత స్త్రీలు ఈ వాదాన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. చల్లపల్లి స్వరూపరాణి తన కవితలో ఇంట్లో మగవాడి అహంకారం ఒక చెంప పగలగొడితే వీధిలో కులం రెండో చెంప పగలగొడుతుందని రాసింది. దళిత ఉద్యమంలో మగవాళ్ళకు ఇది చేదుగానే ఉంది. స్త్రీవాదులకూ చేదుగానే ఉంది. కులం గురించి మాట్లాడితే ఉద్యమంలో చీలిక వస్తుందని స్త్రీవాదులు, మగవాళ్ళ గురించి మాట్లాడితే చీలిక వస్తుందని దళిత నాయకులు. ఎవరి మాటా వినకుండా వీళ్ళు రాసుకుంటూ పోయారు. గోగు శ్యామల సేకరించిన 'నల్లపొద్దు' 1921 నుంచి ఉన్న దళిత స్త్రీల రచనలను బయటికి తీసింది. ఇంత కాలం ఇన్ని రచనలు ఎక్కడున్నాయి అని అడిగితే తెలుగు శాఖల దగ్గర జవాబు లేదు.

మాల మాదిగల సంగతి దాటేసి వెళితే నిజాయితీ అనిపించుకోదు. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. రిజర్వేషన్లలో మా వాటా మాకు ఏది అని అడిగింది. ఎస్సీలను వర్గీకరిస్తూ రాష్ట్రం చేసిన చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఇరవయ్యేళ్ళ తర్వాత 2024 ఆగస్టులో వర్గీకరణ చెల్లుతుందని అదే కోర్టు పెద్ద బెంచి చెప్పింది. ఆ మధ్యకాలంలో సాహిత్యంలో స్నేహాలు తెగిపోయాయి, ఒకే వేదిక మీద కూర్చున్నవాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. సుధాకర్ 'వర్గీకరణీయం' ఆ రోజుల్లోనే రాశాడు. మా మాలపల్లెలో చాలామంది దాన్ని ద్రోహమన్నారు. నేనా మాట అనలేను. పైవాణ్ణి సమానత్వం అడిగినవాడు కిందవాడు అడిగినప్పుడు వినకపోతే, మొదట అడిగినదానికి విలువ పోతుంది. సొంతవాళ్ళనే నిలదీసేదాకా పోయింది కాబట్టే ఈ కవిత్వం ద్వేషం మీద బతకడం లేదని నాకు నమ్మకం.

ఇక సాక్ష్యం సంగతి. 1989లో అట్రాసిటీ చట్టం వచ్చింది. అందులో మూడో సెక్షన్ చదివితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. తినకూడనిది తినిపించడం, బట్టలు విప్పి ఊరేగించడం, భూమి లాక్కోవడం, నీళ్ళు పాడుచేయడం... ఒకటొకటిగా రాసుకుంటూ పోయారు. ఇవన్నీ అంతకుముందు కవితల్లోనూ పాటల్లోనూ ఉన్నవే. కులం పేరుతో అవమానించడం నేరం కావాలంటే అది నలుగురికీ కనబడే చోట జరిగి ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు జరిగితే ఈ సెక్షన్ కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో మళ్ళీ చెప్పింది. చట్టానికి దాని కారణాలు దానికుంటాయి. కానీ కులం సగం పని నాలుగు గోడల మధ్యే చేస్తుంది. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు ఇంటిపేరు విని మారిపోయే మొహం, ఇంటర్వ్యూలో 'మీది ఏ ఊరు, ఊళ్ళో ఎటువైపు' అన్న ప్రశ్న, స్నేహితుడి ఇంట్లో మనకు మాత్రమే వచ్చే స్టీలు గ్లాసు. ఇవి ఏ ఎఫ్ఐఆర్‌లోకీ ఎక్కవు. వీటిని నమోదు చేసే చోటు ఇప్పటికైతే కవిత్వమూ కథా మాత్రమే.

నలుగురి ముందు, పట్టపగలు జరిగినదానికైనా న్యాయం జరిగిందా అంటే చుండూరే ఉంది. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు సాక్ష్యాలు నిలవవని అందరినీ విడుదల చేసింది. ఎనిమిది మంది చచ్చిపోయారు, చంపినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. కారంచేడు, చుండూరు బాధితుల వైపు నిలబడ్డ న్యాయవాది బొజ్జా తారకం కవి కూడా. 'నది పుట్టిన గొంతుక' ఆయన కవితల పుస్తకం. కోర్టులో వాదించేవాడికి కవిత్వం ఎందుకు కావాల్సి వచ్చిందో చుండూరు తీర్పు చదివాక నాకు అర్థమైంది. కోర్టు నమ్మని సాక్ష్యం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

కవిత్వం వల్ల ఎకరం భూమి రాలేదు, ఒక్క ముద్దాయికి శిక్ష పడలేదు. ఈమాట ఒప్పుకోవడానికి నాకు ఇబ్బంది లేదు. పోరాటానికి కవిత్వం బదులు కాదు, కవులెవరూ అలా అనుకోలేదు కూడా. ఆ తరం ఎక్కువ కాలం నిలవలేదన్నది ఇంకో బాధ. మద్దూరి 2005లో, నలభై ఏళ్ళ ప్రాంతంలోనే పోయాడు. కలేకూరి 2013లో, తెరేష్ బాబు 2014లో, సుధాకర్ 2022లో. వాళ్ళ పుస్తకాల కోసం నేను విజయవాడ, హైదరాబాద్ షాపులన్నీ తిరిగాను. సగం దొరకలేదు, జిరాక్సు కాపీలతో పాఠం చెబుతున్నాను. ఇంగ్లీషు అనువాదాల సంకలనాలు మాత్రం ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే మూడో రోజుకి ఇంటికొస్తాయి. తెలుగు దళిత కవిని తెలుగువాడు ఇంగ్లీషులో చదువుకోవాల్సిన పరిస్థితి.

అయినా ఆ మాటలు అట్టల మధ్య ఉండిపోలేదు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి వెళ్ళగొట్టిన అయిదుగురు విద్యార్థులు బయట చలిలో వేసుకున్న డేరాకి పెట్టుకున్న పేరు వెలివాడ. వాళ్ళలో ఒకడైన రోహిత్ వేముల ఆ నెలలోనే ప్రాణం తీసుకున్నాడు. వాళ్ళు ఆ పేరు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారన్నది వేరే చెప్పక్కర్లేదు. పల్లెలో ఉండే వెలివాడనే, మద్దూరి పుస్తకం అట్ట మీద ఉన్న వెలివాడనే యూనివర్సిటీ నడిబొడ్డున పాతారు. పీహెచ్‌డీ దాకా వచ్చినా మాకు మీరిచ్చిన చోటు ఇదీ అని చూపించారు. కవిత్వం ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే నేను ఆ డేరా గురించి చెబుతాను. అవమానం అప్పుడే మొదటిసారి జరిగినట్టు బిత్తరపోకుండా, దాని పేరు పెట్టి పిలవడానికి మాట చేతికందించి ఉంచుతుంది.

క్లాసులో గబ్బిలం చెబుతున్నప్పుడు ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు, 'ఇప్పుడు ఇవన్నీ లేవు కదా సార్' అని. అమాయకంగానే అడుగుతారు. నేను వెంటనే జవాబు చెప్పను. క్లాసులో ఇంకెవరైనా చెబుతారేమోనని చూస్తాను. కొన్నేళ్ళు ఎవరూ నోరు విప్పరు. పోయినేడాది ఒకమ్మాయి లేచి, తన పెద్దమ్మ పని చేసే ఇంట్లో బాత్రూమ్ కడుగుతుంది గానీ దాన్ని వాడనివ్వరని చెప్పింది. అడిగిన అబ్బాయి 'సారీ' అన్నాడు. ఆ అమ్మాయి, 'సారీ ఎందుకు, మీ ఇంట్లో ఎలాగో చెప్పు' అంది. నేను ఇన్నేళ్ళుగా పాఠం చెబుతూ అంత సూటిగా అడగలేకపోయాను.

ఆ ప్రశ్నే ఈమధ్య ఒక కవి మిత్రుడికి అందించాను. పెద్దకులం వాడు, మంచివాడు, దళితుల మీద కవితలు రాస్తుంటాడు. 'అన్నా, మేం మీ గురించి రాయొచ్చా, రాస్తే తప్పు పడుతున్నారు' అని ఫోన్లో వాపోయాడు. మా గురించి మేం రాసుకుంటున్నాం తమ్ముడూ, నువ్వు మీ గురించి రాయి అన్నాను. మీ ఇంట్లో పాలేరుకి అన్నం ఎక్కడ పెట్టేవారు, ఎందులో పెట్టేవారు, నీకు మొదటిసారి కులం గురించి చెప్పింది అమ్మా నాయనమ్మా, ఏ మాటల్లో చెప్పారు? మీ అక్క ఎవర్నో ఇష్టపడితే ఇంట్లో ఏం జరిగింది? ఊళ్ళో మీ పొలం ఎప్పుడు, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది? చెంప మీద దెబ్బ ఎలా ఉంటుందో వందేళ్ళుగా మేం రాస్తున్నాం, కొట్టిన చేతి వైపు నుంచి ఇంతవరకూ సరైన పుస్తకం రాలేదు అన్నాను. కాసేపు అటునుంచి ఏం మాట్లాడలేదు. తర్వాత, 'అది రాస్తే మా నాన్న ఇంట్లోకి రానివ్వడన్నా' అన్నాడు. రాయి, ఆ సంగతి కూడా రాయి, వేసుకోవడానికి పత్రిక నేను చూస్తాను అని చెప్పాను.